పాత వెండి డాలర్ కొనే ముందు ఒక చిన్న లెక్క

అమెరికాలో కాయిన్ షోకి వెళ్తే ఒకే రకం మోర్గాన్ డాలర్‌కి (పాత అమెరికన్ వెండి డాలర్లలో ఒక రకం) టేబుల్‌కో ధర చెబుతారు. ముందు అందులోని వెండి విలువ చూసుకోండి: ఆ రోజు ట్రాయ్ ఔన్సు (వెండి, బంగారం తూచే కొలత, సుమారు 31.1 గ్రాములు) వెండి ధరను 0.7734తో గుణిస్తే చాలు, నాణెంలో ఉన్న వెండి అన్ని ట్రాయ్ ఔన్సులు. 1878–1904, 1921 మోర్గాన్‌లకీ, 1921–28, 1934–35 పీస్ డాలర్లకీ ఇదే లెక్క. అన్నిట్లోనూ 90 శాతం వెండే. తర్వాత ఈబేలో అదే సంవత్సరం, అదే మింట్ గుర్తు (ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే అక్షరం) ఉన్నవి ఎంతకి అమ్ముడయ్యాయో ‘సోల్డ్ ఐటమ్స్’లో చూడండి. అడుగుతున్న ధరలు మాత్రం అస్సలు పట్టించుకోవద్దు. అరిగిన మామూలు నాణేనికి ఈ రెండిటి మధ్య ఎంతైనా న్యాయమే. చిన్న తూకం వెంట ఉంటే ఇంకా మంచిది, కొత్తలో దీని బరువు 26.73 గ్రాములు.

1893-ఎస్ (1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించినది) లాంటి అరుదైన వాటికి వెండి లెక్క పనికిరాదు. వాటికి నకిలీలూ ఉన్నాయి, నాణేలు పరీక్షించి గ్రేడ్ ఇచ్చే సంస్థలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సీలు డబ్బాలో ఉన్నవే, డబ్బా మీది నంబర్ వాళ్ల సైట్‌లో సరిచూసుకుని కొనండి.