విద్వత్ సభకు శాఖలు ఎలా వేసుకోవాలి: పర్లాకిమిడి అనుభవంతో

ఊళ్ళో పది పదిహేను మంది కలిసి ఒక విద్వత్ సభ పెట్టుకుంటే మొదటి తగువు శాఖల దగ్గరే వస్తుంది. ఎన్ని శాఖలు ఉండాలి, ఎవరు ఎందులో కూర్చోవాలి అని. ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో మేం మొదటి సమావేశంలోనే తెలుగు శాఖ, ఒడియా శాఖ, ఇక్కడి గిరిజనుల భాష పేరుతో సవర శాఖ అని మూడు గీతలు గీసేసి ఇళ్ళకు వెళ్ళిపోయాం. అది తప్పని ఆర్నెల్లు తిరక్కుండానే తెలిసింది. మా సభ్యుడొకాయన గుణుపురం సంతలో అమ్మే ఆకుల, దుంపల పేర్లు మూడు భాషల్లోనూ రాసుకుని, ఏది దేనికి వాడతారో కూడా అడిగి తెలుసుకుని ఒక వ్యాసం తెచ్చారు. అది ఏ శాఖకు ఇవ్వాలో ఎవరికీ తోచక రెండు నెలలు బీరువాలోనే ఉండిపోయింది. ఆయన ముఖం చూడలేక శాఖలన్నీ రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి వేసుకున్నాం. మీకు ఆ టెన్షన్ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. శాఖ అంటే పుస్తకాల అర కాదు. వచ్చిన పనిని చదివి, ఇందులో బలం ఉందా లేదా అని చెప్పగలిగిన మనుషుల గుంపు. చాలామంది లైబ్రరీ వాళ్ళ పట్టిక తెచ్చి అవే శాఖలంటారు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెల కింద సర్దే, 1876లో వచ్చిన డ్యూయీ పద్ధతిలో ఒడియా 491 కింద, తెలుగు 494 కింద, సవర 495 కింద ఉంటాయి. భాషా కుటుంబాల లెక్కన అది సరైనదే, ఒకటి ఆర్య భాష, ఒకటి ద్రావిడ భాష, ఒకటి ముండా భాష. కానీ మా దగ్గర ఈ మూడూ ఒకే సంతలో బేరమాడుకుంటాయి, ఒకదాని మాట ఇంకొకటి తీసుకుంటుంది, ఆ ఇచ్చిపుచ్చుకోవడం మీద పనిచేసేవాడు మూడు అరల మధ్య తిరగాలా? పుస్తకం ఒక్కచోటే ఉండాలి కాబట్టి అరకు ఆ కష్టం తప్పదు. మనిషికి ఆ అవసరం లేదు.

అందుకని చీటీలతో మొదలుపెట్టండి. ‘మీ సబ్జెక్టు ఏమిటి’ అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే ముప్పై ఏళ్ళ కిందట డిగ్రీలో చదివింది చెప్తారు. ‘ఇప్పుడు మీ బుర్రను తొలుస్తున్న రెండు ప్రశ్నలు రాయండి’ అనండి. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు ముఖలింగం శాసనాల గురించి రాశారు, మాలో ఎవరికీ ఆ సంగతే తెలియదు. చీటీలన్నీ చాప మీద పరిచి, దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను ఒక కుప్ప చేయండి. మాకు నాలుగు కుప్పలు తేలాయి: మాట, గతం, నేలా నీరూ, చేతిపని. కొమ్ముతో బొమ్మలు చేసే మా ఊరి పనివాళ్ళ గురించి రాసిన చీటీని ‘కళ’ అనాలా ‘సాంకేతికం’ అనాలా అని చాలాసేపు వాదించుకుని, చివరికి చేతిపని అనేసరికి అందరికీ ఊపిరి ఆడింది.

ముగ్గురు చదవగలిగినవాళ్ళు లేకుండా ఏ శాఖనూ తెరవకండి. రాసింది వాళ్ళలోనే ఒకరైతే మిగిలిన ఇద్దరైనా చదివి చెప్పాలి కదా.

పెద్ద అకాడమీల నుంచి తీసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. అమెరికా జాతీయ సైన్సు అకాడమీ 1863లో పుట్టింది, ఇప్పుడు అందులో 6 తరగతులు, వాటి కింద 31 శాఖలు. అన్ని శాఖలు మనకెందుకు, కానీ అక్కడ ఒక మంచి ఏర్పాటుంది. సభ్యుడికి ఒక ప్రధాన శాఖ ఉంటుంది, కావాలంటే రెండోది కూడా పెట్టుకోవచ్చు. మేం దీన్ని సభ్యులతోపాటు వ్యాసాలకు కూడా వర్తింపజేశాం. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో నడిచి, 1931కి గుణుపురం చేరిన చిన్న రైలు మీద వ్యాసం వచ్చిందనుకోండి. ఆ లైను ఎందుకు వేశారన్నది అసలు ప్రశ్న అయితే ప్రధాన శాఖ గతం, రెండున్నర అడుగుల పట్టాల మీద బండి ఎలా నడిచిందన్నది అసలు ప్రశ్న అయితే చేతిపని. రెండో శాఖ వాళ్ళూ చదువుతారు, కానీ జవాబు చెప్పే బాధ్యత మొదటి శాఖదే. ఇది రాతపూర్వకంగా పెట్టుకోకపోతే ‘వాళ్ళు చూస్తారులే’ అని ఇద్దరూ వదిలేస్తారు.

బ్రిటన్ వాళ్ళ కథ కూడా గుర్తుపెట్టుకోండి. 1899లో దేశదేశాల అకాడమీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకుని, సైన్సుకు ఒక విభాగం, భాషా చరిత్రలకు ఒక విభాగం అనుకున్నాయి. సైన్సు తరఫున రాయల్ సొసైటీ ఉంది, రెండోదానికి వెళ్ళడానికి వాళ్ళ దేశంలో సంస్థే లేదు. 1902లో బ్రిటిష్ అకాడమీ అలా వచ్చింది. కాబట్టి మీ దగ్గర లేని శాఖల జాబితా కూడా గోడకు అంటించండి. మా జాబితాలో ఇంకా వైద్యం ఉంది, సంగీతం ఉంది.

ఫ్రాన్సులో ఐదు అకాడమీలున్న సంస్థ 1795లో మొదలైంది. అందులో నీతి, రాజనీతి శాస్త్రాల తరగతిని 1803లో నెపోలియన్ తీసేస్తే తిరిగి 1832లో గానీ రాలేదు. శాఖను ఎత్తేయాలంటే మూడొంతుల్లో రెండొంతుల మంది ఒప్పుకోవాలని నియమావళిలో మేం రాసుకున్నది అందుకే.

భాషల వారీ విభజన అన్నిచోట్లా తప్పని నేననను. సాహిత్య అకాడమీ 24 భాషలకు విడివిడిగా సలహా మండళ్ళు పెట్టింది, ఒక కవిత బాగుందో లేదో ఆ భాష వచ్చినవాళ్ళే చెప్పాలి మరి. మేం కూడా మాట శాఖలో కవిత్వం, కథ వరకే భాషలు విడదీశాం. మిగతాచోట్ల వద్దు.

సరిహద్దు ఊళ్ళలో శాఖల పేర్ల దగ్గర చాలా జాగ్రత్త పడాలి. ఒడియాలో ఇతిహాస అంటే చరిత్ర, మనకు ఇతిహాసం అనగానే రామాయణ భారతాలు గుర్తొస్తాయి. పోనీ చరిత్ర అని పెడదామంటే ఒడియా సభ్యులకు అది మనిషి నడవడిలా వినిపిస్తుంది. బోర్డు రాయించేముందు బరంపురం, రాయగడల నుంచి వచ్చే సభ్యులకు ఒకసారి పైకి చదివి వినిపించి, ఏమర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పించండి.

‘ఇతరాలు’ అనే పెట్టె తప్పదు. కానీ నెలకోసారి తెరిచి చూడాలి, ఒకే తరహావి నాలుగైదు పోగైతే కొత్త శాఖకు వేళైనట్టే.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష పెట్టండి, మేం దాన్ని గిడుగు వారి పరీక్ష అంటాం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊరి బడిలోనే చరిత్ర పాఠం చెప్పారు, ముఖలింగం శాసనాలు చదివారు, సవరల భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు, పిల్లల పాఠాలు వాడుక భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. అలాంటి మనిషి రేపు మీ సభ గుమ్మంలో నిలబడితే ఏ శాఖలో కూర్చోబెడతారు? మా పాత మూడు గీతల్లో ఆయనకు చోటే లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడైతే మాట ప్రధాన శాఖ, గతం రెండోది.

బీరువాలో పడి ఉన్న ఆ ఆకుల వ్యాసం నేలా నీరూ శాఖకు వెళ్ళింది, మాట శాఖ రెండోసారి చదివింది. ఒక దుంప పేరు తప్పు పడిందని గుర్తుపట్టి సరిచేసింది మాట శాఖలోని సవర సభ్యురాలే.