హీటర్ రాడ్డు ఎంతసేపు ఉంచాలి?

కోరాపుట్, జయపురం వైపు చలికాలం పొద్దున్నే బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి మరిచిపోతుంటాం. నీళ్లు సలసలా కాగి ఆవిరి లేస్తుంటే కరెంటు దండగ.

ముందే లెక్క కట్టుకోండి. లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో, ఆపైన 70తో గుణించి, రాడ్డు వాట్లతో భాగిస్తే నిమిషాలొస్తాయి. 15 లీటర్లు 15 డిగ్రీల నుంచి 40కి రావాలంటే 1500 వాట్ల రాడ్డుకు 17న్నర నిమిషాలు. ఖర్చు అర యూనిట్ లోపే. రాడ్డులో విద్యుత్ శక్తి దాదాపు మొత్తం ఉష్ణశక్తిగానే మారుతుంది కాబట్టి లెక్క బాగా కుదురుతుంది. ఫోన్లో 18 నిమిషాలకు అలారం పెట్టండి.

ఓల్టేజీ పడితే మాత్రం ఇది తప్పుతుంది. 230 బదులు 180 వస్తుంటే అదే రాడ్డు సుమారు 920 వాట్లే లాగుతుంది, 29 నిమిషాలు పడుతుంది. వేడి చూడాలంటే ప్లగ్ తీశాకే నీళ్లలో వేలు పెట్టండి.