ఇంగ్లండ్, వేల్స్‌లలో పాత టోల్ హౌస్ చరిత్ర రాబట్టడం ఎలా

రోడ్డును ఒరుసుకునేంత దగ్గరగా గోడ, పలకలుగా ముందుకు పొడుచుకొచ్చిన ముఖం, రాకపోకలు కనబడేలా రెండు పక్కలా కిటికీలు, తలుపు మీద ఒకప్పుడు రుసుముల బోర్డు బిగించిన, ఇప్పుడు ఖాళీగా ఉన్న గూడు. ఇవన్నీ ఉన్నా అది టోల్ హౌసేనని, అంటే రోడ్డు రుసుము వసూలు చేసేవాడు ఉండే ఇల్లేనని, అప్పుడే తేల్చెయ్యకండి. పెద్ద ఎస్టేట్ల గేటు దగ్గర కాపలా ఇళ్లనూ ఇదే తీరులో కట్టారు. పక్కనుంచి బంగళాకు బాట పోతుంటే అనుమానించాల్సిందే. గోడకున్న పేరుపలకనైతే అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

ముందు పటాలు చూడాలి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) పటాలు ఉచితం. ‘టీ.పీ.’, ‘టోల్ బార్’, ‘టర్న్‌పైక్ గేట్’ అన్న గుర్తులు వెతకండి (టర్న్‌పైక్ అంటే రుసుము కట్టి వెళ్లే రోడ్డు; ‘టీ.పీ.’ దాని పొట్టి రూపం). మైలుకు 25 అంగుళాల పటం చాలాచోట్ల గేట్లు ఎత్తేశాక తయారైంది కాబట్టి అందులో గుర్తు లేనంత మాత్రాన గేటు లేదనుకోకూడదు. 1836 చట్టంతో వచ్చిన టైథ్ (చర్చికి కట్టే పదోవంతు పన్ను) పటంలో ఆ ఇంటి నంబరు పట్టుకుని, జాబితాలో యజమాని గడి చూడండి. అక్కడ టర్న్‌పైక్ ట్రస్టీలని (రుసుము వసూలుతో ఆ రోడ్డును నడిపిన ట్రస్టు సభ్యులు) ఉంటే సగం పని అయినట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది కట్టిన సంవత్సరం దగ్గర. మొదటి టర్న్‌పైక్ చట్టం 1663 నాటిది. తర్వాత ఒక్కో రోడ్డుకు ఒక్కో చట్టం, మామూలుగా 21 ఏళ్ల గడువుతో వచ్చేది. చట్టం వచ్చిన ఏడే ఇల్లు కట్టారనుకుంటే తప్పు. జనం పక్కదారి పట్టి రుసుము ఎగ్గొడుతుంటే గేటును అటు జరిపేవాళ్లు, కొత్త ఇల్లు లేచేది. మేస్త్రీకిచ్చిన డబ్బు ట్రస్టు మినిట్ బుక్కుల్లో (సమావేశ నిర్ణయాలు రాసే పుస్తకాలు), ఖాతాల్లో దొరకాలి. అవి కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. అవి పోయినా, 1822 తర్వాతి వార్షిక లెక్కల కోసం క్వార్టర్ సెషన్స్ (కౌంటీ న్యాయస్థానం) కట్టలు తిరగెయ్యండి. దక్షిణ వేల్స్‌లో 1844 తర్వాతి కాగితాలు కౌంటీ రోడ్ బోర్డుల పేరు మీద ఉంటాయి. 1839–43 రెబెకా అల్లర్లలో (టోల్ గేట్ల మీద వేల్స్ జనం తిరగబడిన అల్లర్లు) గేట్లు కూలిన చోట ఇప్పుడున్న ఇల్లు రెండోది కావచ్చు.

వసూళ్లు తెలియాలంటే పాత పత్రికల్లో వేలం ప్రకటనలే దిక్కు. మన సంత ఆశీలు పాటలాగే గేటు వసూలును గుత్తకిచ్చేవాళ్లు. 1773 చట్టం ప్రకారం బల్ల మీద నిమిషం ఇసుక గడియారం పెట్టి, మరో పాట రాకుండా అది మూడుసార్లు ఖాళీ అయితే చివరి పాటకు ఖాయం. ప్రకటనలో కిందటేడు రాబడి కూడా వేసేవాళ్లు. వరసగా పదేళ్లవి రాసుకుంటే రైలు వచ్చాక ఎంత పడిపోయిందో తెలుస్తుంది. రెండు మూడు గేట్లు కలిపి వేలం వేసిన మొత్తాన్ని ఒక్క ఇంటికే అంటగట్టకండి.

మనుషుల పేర్లకు 1841 నుంచి 1871 దాకా జనగణన పుస్తకాలు చూడాలి. వసూలుదారు తరచుగా గుత్తేదారు పెట్టిన జీతగాడు, అందుకే పేర్లు మారిపోతుంటాయి. 1841లో పెద్దల వయసును అయిదుల్లోకి తగ్గించి రాశారు, దాన్నుంచి పుట్టిన సంవత్సరం లెక్కగడితే తేడా కొడుతుంది. తర్వాతి గణనలో అదే ఇంట్లో వ్యవసాయ కూలీ కనబడితే గేటు అప్పటికే పోయి ఉండవచ్చు. 1870లలో ట్రస్టులు వరసగా మూతబడ్డాయి. లండన్ నుంచి హోలీహెడ్ రేవుకు పోయే రోడ్డులో వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి భాగం మాత్రం 1895 నవంబరు 1 దాకా నడిచింది. ఇంటి అమ్మకం వివరం కోసం ట్రస్టు చివరి మినిట్ బుక్కు ఆఖరి పేజీలు చూడండి.