జీఐ పైపుకు మర కోసే డైని కప్లింగుకు తగ్గట్టు సరిచేసుకోవడం ఎలా?

కావలి దగ్గరి తీరగ్రామాల్లో జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) నడిమధ్యలో చిల్లుపడటం అరుదు, ముందుగా పోయేది మర (స్క్రూ చుట్లు) కోసిన చోటే. అంగుళం పైపు మీడియం రకంలో గోడ మందం 3.2 మిల్లీమీటర్లు కాగా, అందులో దాదాపు 1.5 మిల్లీమీటర్లు మర లోతుకే పోతుంది. పైనున్న జింకు పూత కూడా లేచిపోవడంతో మిగిలిన పలుచని ఉక్కు ఉప్పుగాలికి నేరుగా దొరుకుతుంది. అందువల్ల మర కోసే పనిముట్టైన డైని అవసరానికి మించి ఒక్క గీత లోతుగా పెట్టినా ఆ పైపు ఆయుష్షును మనమే తగ్గించినట్లవుతుంది.

మొదట డై పళ్ళను చూసుకోవాలి. అర, ముప్పాతిక అంగుళం పైపులకు అంగుళానికి 14 చుట్లు, అంగుళం నుంచి పై సైజులకు 11 చుట్లు ఉంటాయి గనుక వాటికి వేర్వేరు పళ్ళ సెట్లు వాడాలి. నాలుగు పళ్ళ మీదా 1 నుంచి 4 వరకు అంకెలుంటాయి, డై తలలోని గాడుల మీద కూడా అవే అంకెలుంటాయి. ఏ అంకె పన్ను ఆ అంకె గాడిలోనే కూర్చోవాలి. తారుమారైతే మర తెగదు, చిరుగుతుంది.

పైపు కొనను హాక్సాతో నిటారుగా కోసి, లోపలి అంచున లేచిన గరుకు ఇనుమును ఆకురాయితో తీసి, పైపును వైసులో కదలకుండా బిగించాలి.

ఇక అసలు పని డైని సరిచేయడం. బిగింపు మరను వదులుచేసి డై తల మీది గుండ్రటి పలకను తిప్పితే నాలుగు పళ్ళూ కలిసి లోపలికో బయటికో జరుగుతాయి. చాలామంది డై తల మీదున్న సైజు గీతకు సూటిగా పెట్టి ఒకేసారి కోసేస్తారు. ఆ గీతను నేను నమ్మను, ఎందుకంటే పళ్ళు అరిగేకొద్దీ దాని లెక్క మారుతుంది, పైపు బయటి కొలతా ఒక లాటుకూ మరొక లాటుకూ కొద్దిగా తేడాగా వస్తుంది. గీతకు కొంచెం ఇవతలే, అంటే మర కాస్త లావుగా తెగేలా పెట్టి, బిగింపు మరను గట్టిగా బిగించి మొదటి కోత మొదలుపెట్టాలి. పళ్ళు పట్టేదాకా అరచేత్తో డైని పైపు మీదికి నొక్కుతూ తిప్పాలి. ఆ తరువాత కటింగ్ ఆయిల్ పోస్తూ, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతుంటే పొట్టు తెగి రాలిపోతుంది.

డై తీసి, మరను గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆ పైపుకు వేయబోయే కప్లింగునే (రెండు పైపులను కలిపే ముక్క) చేత్తో ఎక్కించి చూడాలి. అంగుళం పైపుకు నాలుగు, నాలుగున్నర చుట్లు చేత్తో ఎక్కి ఆగితే సరిపోయినట్లే. రెండు చుట్లకే ఆగితే ఆ పలకను వెంట్రుకవాసి మాత్రమే లోతు వైపు జరిపి, అదే మరలో రెండోసారి కోసి, మళ్ళీ అదే కప్లింగు ఎక్కించి చూడాలి. లావుగా ఉన్న మరను సన్నం చేయవచ్చు గాని సన్నమైన దాన్ని లావు చేయలేము. ఆరేడు చుట్లు చేత్తోనే ఎక్కిపోయి కప్లింగు అటూఇటూ ఊగితే, ఆ కొనను కోసి పారేసి మొదటి నుంచి చేయడమే దారి.

ఒకసారి ఒక రైతు బోరు మోటారు పైపుకు అలా ఊగిన కప్లింగును జనపనార మందంగా చుట్టి బిగించాను. నాలుగు నెలలకే ఆ అతుకు చెమ్మగిల్లి, నార నల్లబడి, పైపు మీద తుప్పు చార దిగింది. పైపంతా పైకి లాగించిన ఆ రైతు ఖర్చు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నార అయినా టెఫ్లాన్ టేపు అయినా సందును పూడ్చగలదే గాని, వదులును బిగించలేదు.

సరిగా కుదిరిన మరకు పలుచగా టేపు చుట్టి, కప్లింగును చేత్తో ఎక్కినంత ఎక్కించి, తరువాత పైపు రెంచితో సుమారు రెండు చుట్లు బిగిస్తే చాలు. బయట ఒకటి రెండు మర చుట్లు మిగిలే ఉంటాయి. బలమంతా పెట్టి వాటినీ లోపలికి తోస్తే కప్లింగు పగులుతుంది. అలా బయట మిగిలిన చుట్లకు నూనె జిడ్డు తుడిచి, జింకు ప్రైమరు రెండు పూతలు వేయాలి. రంగు ఆరాక నీళ్ళు వదిలి, ఒక రాత్రి గడిచిన తరువాత అతుకు కింది భాగాన్ని పొడి కాగితంతో ఒత్తి చూడండి. కాగితం తడవకపోతే డై సరిగా కుదిరింది.