వీఎం ఇమేజ్ క్లౌడ్‌లో బూట్ అవట్లేదా? ముందు ఫార్మాట్ చూడండి

అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో వర్చువల్‌బాక్స్ మీద చేసుకున్న ల్యాబ్ మెషీన్ అయినా, మాదాపూర్ ఆఫీసులో ఏళ్లుగా వీఎంవేర్ మీద నడుస్తున్న సర్వర్ అయినా, అలాంటి వీఎంని (సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ మెషీన్) క్లౌడ్‌కి ఎక్కించేటప్పుడు ఎక్కువగా మొరాయించేది దాని డిస్క్ మొత్తం ఉండే ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ దగ్గరే. ఏ ఫార్మాట్ కావాలో తేల్చేది మీరు ఎక్కించబోయే క్లౌడే. అందుకే కన్వర్ట్ చేసే ముందు దాని డాక్యుమెంటేషన్ తెరవండి.

ఫైల్ పేరు చివర ఉన్న అక్షరాలను నమ్మొద్దు. డిస్క్ ఇమేజ్‌లను చూసే, మార్చే క్యూఎము-ఇమేజ్ (qemu-img) టూల్‌లో ఇన్ఫో కమాండ్ కొడితే అసలు ఫార్మాట్, వర్చువల్ సైజ్, డిస్క్ సైజ్ వరుసగా కనిపిస్తాయి. వర్చువల్ సైజ్ 40 జీబీ, డిస్క్ సైజ్ 6 జీబీ అని వస్తే కంగారు పడక్కర్లేదు: మొదటిది మెషీన్‌కి కనిపించే డిస్క్, రెండోది ఫైల్ నిజంగా ఆక్రమించిన జాగా.

సమస్య: వీఎండీకే కాపీ చేశాం, ఫైల్ ఒక్క కేబీ కూడా లేదు

వీఎండీకే (VMDK) అంటే వీఎంవేర్ డిస్క్ ఫార్మాట్. మీరు తెచ్చింది డిస్క్ వివరాలు రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్ మాత్రమే. డేటా అంతా పక్కనే ‘ఫ్లాట్’ అని పేరున్న పెద్ద ఫైల్‌లో ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి కన్వర్ట్ చేయండి. క్యూఎము సొంత ఫార్మాట్ క్యూకౌ2 (qcow2)లో ఇలాంటి ఇబ్బందే బ్యాకింగ్ ఫైల్ (ఇమేజ్ ఆధారపడే మూల ఫైల్) రూపంలో వస్తుంది. ఇన్ఫోలో బ్యాకింగ్ ఫైల్ లైన్ కనిపిస్తే, ఆ మూల ఫైల్ కూడా దగ్గరుంచుకుని కన్వర్ట్ చేస్తే రెండూ కలిసి ఒకే పూర్తి ఇమేజ్ అవుతాయి.

సమస్య: ఇంపోర్ట్ మొదట్లోనే రిజెక్ట్ అవుతోంది

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ఇంపోర్ట్ సర్వీస్ ఓవీఏ (మెషీన్ మొత్తం ఒకే ప్యాకేజీగా), వీఎండీకే, మైక్రోసాఫ్ట్ ఫార్మాట్లైన వీహెచ్‌డీ, వీహెచ్‌డీఎక్స్, రా (డిస్క్‌లోని బైట్లు ఉన్నవి ఉన్నట్టు) తీసుకుంటుంది. వర్చువల్‌బాక్స్ వీడీఐ గానీ, క్యూకౌ2 గానీ దానికి పనికిరావు. వీఎండీకే అయితే స్ట్రీమ్-ఆప్టిమైజ్డ్ (కంప్రెస్ చేసి, వరుసగా చదివేలా రాసిన) రకమే కావాలి. అందులో తేడా వస్తే రాకి మార్చి పంపడం సులువు. ఇంకొకటి: ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబరులో మొదలైంది, దాన్ని అకౌంట్‌లో విడిగా ఎనేబుల్ చేసుకోవాలి. ఇమేజ్ పెట్టిన బకెట్ (ఎస్3 స్టోరేజ్) కూడా ఇంపోర్ట్ చేసే రీజియన్‌లోనే ఉండాలి. బకెట్ ముంబైలో ఉంటే ఫైల్‌ను ఇక్కడికి తెచ్చుకోండి.

గూగుల్ క్లౌడ్‌లో చేత్తో ఇంపోర్ట్ చేస్తే పేరు దగ్గర కూడా పట్టింపు ఉంది: లోపలి ఫైల్ ‘డిస్క్.రా’ అనే ఉండాలి, సైజు పూర్తి జీబీల్లో ఉండాలి, పాత జీఎన్‌యూ పద్ధతి టార్ ఫైల్‌లో కట్టి, జీజిప్‌తో కంప్రెస్ చేసి పంపాలి.

సమస్య: అజ్యూర్‌కి వీహెచ్‌డీ ఇచ్చినా ఒప్పుకోవట్లేదు

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తినేది ఇదే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌కి వీహెచ్‌డీఎక్స్ కుదరదు, వీహెచ్‌డీ కూడా డైనమిక్ (డేటాతో పాటు పెరిగేది) కాకుండా ఫిక్స్‌డ్ (మొదటి నుంచీ పూర్తి సైజులో ఉండేది) అయి ఉండాలి, వర్చువల్ సైజ్ సరిగ్గా ఎంబీల లెక్కకి సరిపోవాలి. క్యూఎము మామూలుగా వీహెచ్‌డీ తయారుచేస్తే పాతకాలపు సిలిండర్ లెక్క ప్రకారం సైజును కొంచెం సవరిస్తుంది. అక్కడే ఆ లెక్క తప్పుతుంది.

ముందు రాకి మార్చండి. సైజు 10,48,576 బైట్లతో నిశ్శేషంగా భాగించబడకపోతే రీసైజ్‌తో పైకి పెంచండి, తగ్గించొద్దు. తర్వాత వీహెచ్‌డీకి మార్చేటప్పుడు సబ్‌ఫార్మాట్ ఫిక్స్‌డ్, దాంతోపాటు ఫోర్స్-సైజ్ ఆప్షన్ ఇవ్వండి. క్యూఎములో ఈ ఫార్మాట్ పేరు ‘వీపీసీ’. వీహెచ్‌డీ అని టైప్ చేస్తే దానికి తెలియదు.

సమస్య: ఓపెన్‌స్టాక్‌లో ‘బూటబుల్ డివైస్ లేదు’, లేదా బూట్ బాగా ఆలస్యం

ఓపెన్‌స్టాక్ అంటే సొంత క్లౌడ్ నడిపే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. అందులో క్యూకౌ2 ఫైల్‌ను రా అని నమోదు చేస్తే మొదటి ఎర్రర్ వస్తుంది. సరైన ఫార్మాట్ పేరుతో మళ్లీ అప్‌లోడ్ చేయండి. స్టోరేజ్ సెఫ్ (చాలా సర్వర్ల డిస్కులను కలిపి వాడే వ్యవస్థ) అయితే క్యూకౌ2ని ప్రతిసారీ దించి మార్చాల్సి వస్తుంది, ఆలస్యం అక్కడే. రా ఇస్తే సెఫ్ నేరుగా క్లోన్ చేసుకుంటుంది.

సమస్య: ఇమేజ్ ఎక్కింది, బూట్ మధ్యలో డిస్క్ దొరకలేదంటోంది

ఇక్కడ ఫార్మాట్ తప్పేమీ లేదు, మళ్లీ మళ్లీ కన్వర్ట్ చేసి టైమ్ వృథా చేసుకోవద్దు. లోపలి ఓఎస్‌లో కొత్త హార్డ్‌వేర్ డ్రైవర్ లేదు. లినక్స్ వర్చువలైజేషన్ కేవీఎంకి వర్ట్‌ఐఓ, అజ్యూర్‌కి హైపర్-వీ, ఏడబ్ల్యూఎస్ నైట్రో సర్వర్లకి ఎన్‌వీఎంఈ (డిస్క్), ఈఎన్‌ఏ (నెట్‌వర్క్) డ్రైవర్లు కావాలి. లినక్స్ అయితే పాత మెషీన్ నడుస్తుండగానే వాటిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే ఫైల్) చేర్చండి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) ఎస్‌డీఏ లాంటి పేర్ల బదులు యూయూఐడీలు (మారని గుర్తింపు సంఖ్యలు) రాయండి, మెషీన్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి అప్పుడు డిస్క్ తీసుకోండి.