పాత ఫర్నిచర్ వ్యాపారం – 6వ పాఠం: స్క్రూ వయసు వేరు, బీరువా వయసు వేరు

ఈసారి ధర కట్టడం చెప్తానన్నాను. కుదరదు. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక ఒక అడుగు వెనక్కి వేయక తప్పడం లేదు. "సొరుగుకి డవ్‌టెయిల్ ఉంది, కాబట్టి యాంటిక్" అని చాలామంది రాశారు. ఇందులో సగం తప్పు నాదే. సొరుగు లాగి మూలలు చూడమన్నాను గానీ అక్కడ ఏం చూడాలో చెప్పలేదు. డవ్‌టెయిల్ అంటే మూలలో రెండు పలకల పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా కోసిన జాయింట్.

చేత్తో కోసిన డవ్‌టెయిల్‌లో ఒక పన్ను లావుగా, పక్కది సన్నగా ఉంటుంది. వడ్రంగి గుర్తుకు గీసుకున్న గీత కూడా చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. మిషను కోసినవన్నీ ఒకే అచ్చు. ఇవి 19వ శతాబ్దం చివర్లో ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి, ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చేత్తో కోసే వడ్రంగులూ ఇప్పటికీ ఉన్నారు. అందుకని జాయింట్ ఒక్కటే చూసి వయసు చెప్పేయకండి.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేసినవాళ్లూ ఉన్నారు. ఒకరు తలుపు బందుకి ప్లస్ గాడి స్క్రూ చూసి, మంచి బీరువా వదిలేసి వచ్చారట. చదివి నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ కాస్త ఆగుదాం.

ప్లస్ గాడి స్క్రూ వాడుకలోకి వచ్చింది 1930లలో. కాబట్టి ఆ స్క్రూ అంతకు ముందుది కాదు. అది చెప్పేది అంతే. బీరువా గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. పాత బందు ఊడిపోతే ఎవరో కొత్తది బిగించి ఉండొచ్చు. స్క్రూ విప్పి చూడండి. లోపల ఇంకో పాత రంధ్రం ఉందా? దాన్ని పుల్లతో పూడ్చారా? బందు చుట్టూ వేరే ఆకారంలో ముదురు మచ్చ కనిపిస్తోందా? ఇవి ఉంటే బందు మారింది, చెక్క పాతదే కావచ్చు. అలా కాకుండా వెనక పలకలు, సొరుగు పట్టాలు, కాళ్లు అన్నీ ప్లస్ స్క్రూలతోనే ఉండి ఎక్కడా రెండో రంధ్రం లేకపోతే, అప్పుడు అనుమానపడండి. మైనస్ గాడి చూసి మురిసిపోవద్దు, అవి ఇప్పటికీ దొరుకుతాయి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివర్లో, చిప్‌బోర్డు (చెక్క ముక్కల్ని జిగురుతో అదిమి చేసిన పలక) 1940ల తర్వాత విరివిగా వాడుకలోకి వచ్చాయి. వీటిలో ఏది కనిపించినా "ఈ ముక్క అంతకు ముందుది అయ్యే అవకాశం తక్కువ" అని మాత్రమే రాసుకోండి. చిప్‌బోర్డు వెనక పలక ఒక్కటే కావచ్చు, పోయిన దాని బదులు వేసింది.

నేనైతే ముందు వైపుని అన్నిటికన్నా ఆఖర్న చూస్తాను. వస్తువుని తిరగేసి, టార్చి ఏటవాలుగా వేసి, అడుగు భాగం చూస్తాను. పాలిష్ వేసేవాళ్లు అక్కడిదాకా పోరు. వంపు తిరిగిన రంపపు గీతలు కనిపిస్తే అది గుండ్రటి రంపం పని, అంటే మిషను కోత. గుండ్రటి బల్లైతే టేపు పెట్టండి. చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది గనుక, పాత బల్ల ఒకవైపు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది. నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఇది. టేపుకి పాలిష్ పూయలేరు కదా!

చీటీ మీద "యాంటిక్" అని రాయడానికి చాలా చోట్ల కస్టమ్స్ లెక్క నూరేళ్లు. నేను అంత ధైర్యం చేయను. "పాతది, పిడులు మార్చారు, వెనక పలక కొత్తది" అని రాస్తాను. ఆ మాట ముందే రాసి ఉంటే సరుకు వెనక్కి రావడం తగ్గుతుంది.

ధర సంగతి వచ్చే పాఠానికి. ఈలోగా ఒక్క లెక్క: 100కి కొని, బాగుకి 20, రవాణాకి 15 పెట్టి, 180కి అమ్మారు. లాభం 45. అది పెట్టుబడి మీద మూడో వంతు, అమ్మకం మీద నాలుగో వంతు. ఈ రెండూ కలిపేసుకోకండి.

అభ్యాసం: సొరుగులున్న పాత వస్తువు ఒకటి తీసుకోండి, మీదైనా సరే. గుడ్డతో కూడా తుడవకుండా 30 గుర్తులు రాయండి. ప్రతి గుర్తు పక్కన "ఇది దేని వయసు చెప్తోంది: చెక్కదా, బందుదా, పాలిష్‌దా?" అన్నదానికి జవాబు ఉండాలి. 12 దగ్గర ఆగిపోతే సొరుగులన్నీ బయటికి తీసి, ఖాళీ పెట్టె లోపలికి తల పెట్టి చూడండి.