పాత ఎంపీఎఫ్ఐ కారుకి పెట్రోల్ పైపు: ఏది కొనాలి, ఎలా వేయాలి

ఎంపీఎఫ్ఐ అంటే కార్బురేటర్ లేకుండా, ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఇంజన్. మారుతి 800 ఎంపీఎఫ్ఐ, పాత జెన్, మొదటి తరం శాంత్రో లాంటి బళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి ఇంజన్ దగ్గరా, ట్యాంకు దగ్గరా ఉండే రబ్బరు పైపులు ఎప్పుడూ మార్చకపోతే వాటికీ బండి వయసే. వేళ్లతో వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపించినా, గట్టిపడి కర్రలా ఉన్నా, క్లిప్పు దగ్గర తడి ఉన్నా, తెల్లారి స్టార్ట్ చేయగానే పెట్రోల్ వాసన కొట్టినా ఆ బండిని బయటికి తీయొద్దు.

కార్బురేటర్ బండిలో పెట్రోల్ ఒత్తిడి 0.3 బార్ చుట్టుపక్కల ఉంటుంది. పైపు చిట్లితే బొట్లుబొట్లుగా కారుతుంది. ఎంపీఎఫ్ఐలో అదే దాదాపు 3 బార్, అంటే 43 పీఎస్ఐ. సూదిమొనంత పగులు చాలు, పెట్రోల్ తుంపరగా ఇంజనంతా చిమ్ముతుంది. ప్లగ్ వైరు దగ్గర ఒక్క నిప్పురవ్వ పడితే మంట లేస్తుంది. అందుకే ఇక్కడ ‘పెట్రోల్ పైపే కదా’ అనుకుని ఏదో ఒకటి వేయడానికి లేదు.

కొట్లో పైపు చుట్ట తీయించి, దాని మీద అచ్చు చదవండి. పెట్రోల్ పైపుల ప్రమాణం పేరు ఎస్ఏఈ జె30; దాని కింద ఆర్6, ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ బళ్లకు. మనకు కావాల్సింది ఆర్9. దాని లోపలి పొర ఎఫ్‌కెఎం అనే, పెట్రోల్‌కి తట్టుకునే రబ్బరు, తట్టుకునే ఒత్తిడి కనీసం 100 పీఎస్ఐ. ఆర్7 మీద 50 పీఎస్ఐ అని ఉంటుంది, మన బండికి 43 చాలు కదా అని కొందరు లెక్కేస్తారు. ఆ లెక్క ప్రమాదకరం. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడైనా, మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పిపంపే రిటర్న్ పైపు నలిగినా ఒత్తిడి ఒక్కసారిగా అంతకు రెట్టింపు కావచ్చు. పైగా ఇంజన్ వేడికి రబ్బరు బలం ఏటేటా తగ్గుతుంది. రిటర్న్ పైపులో ఒత్తిడి తక్కువే అయినా దానికీ ఆర్9 వేయండి. రేపు ఎవరో రెండూ తారుమారు చేసే అవకాశమే ఉండదు.

ఎఫ్‌కెఎం పొర కావాలనడానికి ఇంకో కారణం, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోల్. అందులో 20 శాతం ఎథనాల్. పాతకాలపు నైట్రైల్ రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, లోపల పొరలుగా ఊడుతుంది. పైకి పైపు బాగానే కనిపిస్తుంది, ఊడిన తునకలు మాత్రం ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటాయి.

అచ్చు లేని పైపు ఎంత చవకైనా వద్దు. బైకులకు వేసే పారదర్శక ప్లాస్టిక్ పైపు, రేడియేటర్ పైపు, గ్యాస్ పొయ్యి పైపు అసలే వద్దు. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకు ఆర్9 కూడా పనికిరాదు, ఎందుకంటే దాని బయటి పొర పెట్రోల్‌కి తట్టుకోదు. అక్కడికి ఆర్10 అడగండి. ఊళ్లో దొరకకపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి.

కొలత కళ్లతో చూసి చెప్పొద్దు. రబ్బరు పైపు ఎక్కే ఇనప గొట్టం బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. 8 మి.మీ. ఉంటే లోపలి వ్యాసం 5/16 అంగుళం ఉన్న పైపు సరిపోతుంది. చేత్తో తోస్తే బిగుతుగా ఎక్కాలి. వదులుగా ఉన్న పైపుని క్లిప్పు బిగించి సరిపెట్టకూడదు.

క్లిప్పు విషయంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పట్టీ మీద గాట్లుండే మామూలు స్క్రూ క్లిప్పు రబ్బరులోకి దిగి కోస్తుంది. అంచులు వెనక్కి మడిచి ఉండి, నట్టు బోల్టుతో బిగించే స్టెయిన్‌లెస్ ఇంజెక్షన్ క్లిప్పులు కొనండి. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనప క్లిప్పు త్వరగా తుప్పు పట్టి వదులైపోతుంది. ఇనప గొట్టం చివర కూడా చూడండి. పైపైన తుప్పుంటే సన్న ఎమరీ పేపరుతో తుడిస్తే చాలు, గుంటలు పడితే గొట్టమే మార్చాలి. గొట్టం చివర పైపు జారకుండా ఆపే ఉబ్బు ఉండాలి, నున్నటి చివరను నమ్మొద్దు.

పని ఆరుబయట, చల్లారిన ఇంజన్ మీదే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, గుంటలో నిలుస్తుంది. అందుకని గొయ్యి ఉన్న షెడ్డులో చేయకండి. పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ పెట్టుకోండి. ముందు ట్యాంకు మూత తీయండి. పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి, తర్వాత మూడు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయండి. అయినా జాయింటు విప్పేటప్పుడు గుడ్డ చుట్టి మెల్లగా లాగండి.

కొత్త పైపుని హాక్సాతో కోస్తే లోపల రబ్బరు పొడి పడుతుంది, కొత్త బ్లేడుతో తిన్నగా కోయండి. గొట్టం మీద కనీసం 25 మి.మీ. ఎక్కించి, ఉబ్బు దాటాక క్లిప్పు పెట్టండి. పైపు చివర నుంచి క్లిప్పుకి 3 మి.మీ. జాగా వదలండి. రబ్బరు క్లిప్పు అంచుల పక్కకు పొంగేంత బిగించకండి. ఇంజన్ ఊగుతుంది కనుక కాస్త వదులు ఉంచి, ఎగ్జాస్ట్‌కి, పదునైన అంచులకు దూరంగా నడపండి.

తర్వాత ఫ్యూజు, బ్యాటరీ పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. పంపు రెండు సెకన్లు మోగి ఆగుతుంది. నాలుగైదుసార్లు ఇలా చేసి ప్రతి జాయింటుకీ తెల్ల టిష్యూ అద్ది చూడండి. తడి లేకపోతేనే స్టార్ట్ చేయండి. ఇంజన్ వేడెక్కాక ఒకసారి, వారం నడిపాక ఇంకోసారి చూడాలి.

కొన్ని బళ్లలో నైలాన్ పైపుకి క్లిక్‌మనే క్విక్ కనెక్టర్ ఉంటుంది. దాన్ని కోసేసి రబ్బరు పైపు తొడిగి క్లిప్పు వేసే పద్ధతికి ఒప్పుకోకండి. ఒత్తిడికి అది జారి ఊడుతుంది. ఆ పైపు మొత్తం కంపెనీ సెట్టుగానే కొనాలి.